పరీక్ష తప్పిన చీనా పంతులు

చీనారేవులో సముద్రం తూర్పున ఉంది, ఇసుక నాలుగు దిక్కులా ఉంది, నీడ మాత్రం ఒక్కచోటే ఉంది. ఆ చోటు చీనా పంతులు గుడి.

చదువుకున్నవాళ్ళు దాన్ని కన్ఫ్యూషియస్ ఆలయం అంటారు. ఊరివాళ్ళకి అంత పేరు పెట్టి పిలిచే తీరిక లేక చీనా పంతులు గుడి అనేశారు. తెరచాప ఓడల కాలంలో పట్టూ పింగాణీ అమ్ముకోవడానికి వచ్చిన చీనా వర్తకులు, గాలి మళ్ళేదాకా నెలల తరబడి ఈ రేవులో ఇరుక్కుపోయి, ఊరికే కూర్చుంటే తమలో తాము కొట్టుకు చస్తామని భయపడి ఈ గుడి కట్టుకున్నారట. వాళ్ళు పోయారు, ఓడలు పోయాయి, గుడి మిగిలింది.

లోపల విగ్రహం ఉండదు. ఎర్రలక్క పూసిన చెక్కపలక ఒకటి, మనిషి నడుమెత్తున, పీఠం మీద నిలబెట్టి ఉంటుంది. దాని మీద బంగారు రంగుతో ఆయన పేరు. ఆయన దేవుడు కాదు, పంతులు. బతికినంతకాలం ఎండుమాంసం కట్ట పట్టుకొచ్చిన ప్రతివాడికీ, వాడెవడో ఏమిటో అడక్కుండా చదువు చెప్పాడంటారు. ఆయన పోయిన చాలాకాలానికి ఆ దేశపు ప్రభువులకి ఆయన మీద భక్తి ముదిరి, ఆయన మాటల మీద పరీక్షలు పెట్టి, నెగ్గినవాళ్ళకి ఉద్యోగాలిచ్చి, తప్పినవాళ్ళని ఇంటికి పంపించారు. భక్తి ముదిరితే ఎక్కడైనా అంతే.

అలాంటి గుళ్ళకి ఒక ఆచారం ఉంది. నడిమి ద్వారం ఉండాల్సిన చోట ద్వారం ఉండదు, గోడ ఉంటుంది. ఆ ఊరివాడు ఒకడు రాజధానికి వెళ్ళి, దేశం మొత్తం మీద మొదటివాడుగా పరీక్ష నెగ్గిన రోజున ఆ గోడ పగలగొట్టి ద్వారం తెరుస్తారు. అందాకా అందరూ పక్కగుమ్మంలోంచే రావాలి, పోవాలి. చీనారేవు నుంచి ఎవరూ ఏ రాజధానిలోనూ మొదటివాడు కాలేదు కనుక ఆ గోడ చెక్కుచెదరకుండా ఉంది. పిల్లలు దాని మీద బొగ్గుతో వికెట్లు గీసుకున్నారు. ఇంకా ముందుకొస్తే, రోడ్డు పక్కన ఒక రాయి ఉంది. ఎంతటి అధికారైనా గుర్రం దిగి ఇక్కడినుంచి నడిచి రావాలని దాని మీద చెక్కి ఉంది. చీనారేవుకి గుర్రం మీద వచ్చే అధికారులు లేరు కాబట్టి ఆ రాయికి మేకలు కట్టేవారు.

ఈ గుడి పడమటి వసారాలో మైలపల్లి నూకరత్నం పదో తరగతి తప్పిన పిల్లలకి చదువు చెప్పేది. ఆవిడ స్వయంగా లెక్కల్లో మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కిన మనిషి. తప్పినవాడికి ఎక్కడ కాలు జారుతుందో ఆ గొయ్యి తనకి బాగా తెలుసని చెప్పుకునేది. ఫీజు ఎండునెత్తళ్ళ కట్ట, అంటే వేలెడంత ఎండుచేపలు. చీనా పంతులు సంగతి తెలిసి అలా పెట్టింది కాదు, రేవులో ఎవరింట్లో చూసినా ఉండేది అదే. కట్టలన్నీ వసారా దూలానికి వేలాడుతుండేవి. వాటి కింద కూర్చుని పిల్లలు వర్గసమీకరణాలు చేసేవారు.

జూన్‌లో సప్లిమెంటరీ పరీక్ష. మే నెల ఎండలో కూర్చుని చదవడానికి ఆ వసారా తప్ప ఊళ్ళో మరో నీడ లేదు. నీడ లేకపోతే పిల్లలు రొయ్యల ఫ్యాక్టరీకి తొక్క తీయడానికి పోతారు. ఒకసారి అటు పోయిన పిల్ల మళ్ళీ పుస్తకం ముట్టడం నూకరత్నం ఇంతవరకూ చూడలేదు. అందుకే మే నెల వస్తే ఆవిడకి కునుకు పట్టేది కాదు.

అలాంటి మే నెలలో డాక్టర్ చిట్టూరి మార్కండేయులు వచ్చాడు.

ఆయన వారసత్వ ప్రతిభా వికాస సంస్థకి డైరెక్టరు. ఆ సంస్థ ఏం చేస్తుందో అప్పటిదాకా దానికే సరిగ్గా తెలీదు. డైరెక్టరుగారు ఈమధ్యే చీనా దేశంలో అధ్యయన యాత్ర చేసి వచ్చాడు. అక్కడ పరీక్షల కాలంలో తల్లిదండ్రులు ఇలాంటి గుళ్ళ ముందు బారులు తీరి మొక్కుకోవడం కళ్ళారా చూసి, ర్యాంకుల కోసం ఇంతకంటే ఎక్కువ బారులు తీరగల జనం మన దగ్గర ఉండగా ఒక్క గుడి కూడా లేదే అని విమానంలోనే బాధపడ్డాడు. దిగాక వాకబు చేస్తే చీనారేవులో ఒకటుందని తేలింది.

జీపు మేకల రాయి దాటుకుని సరాసరి గోడ దాకా వచ్చి ఆగింది. వెనక సీట్లోంచి సూపరింటెండెంటు లింగమూర్తి ఫైలుతో దిగాడు. పక్కగుమ్మంలోంచి వసారాలోకి అడుగుపెట్టగానే డైరెక్టరుగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇదేమి దుర్గంధం?"

"ఫీజండి," అంది నూకరత్నం లేచి నిలబడి.

"ఈ బాలబాలికలు ఎవరు?"

"పది తప్పినోళ్ళండి. వచ్చే నెల్లో మళ్ళీ రాస్తారు."

డైరెక్టరుగారు రుమాలు తీసి పిల్లలకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, దిగులు ఉంది. "ప్రతిభామూర్తి సన్నిధిలో అనుత్తీర్ణులు. లింగమూర్తిగారూ, ఇది చారిత్రక అపచారం. నోట్ చేసుకోండి."

లింగమూర్తి నోట్ చేసుకున్నాడు.

వారం తిరక్కుండా గోడమీద వికెట్లు చెరిగిపోయి, వాటి స్థానంలో మర్నాటినుంచి అమలయ్యే ఉత్తర్వు వెలిసింది. నూకరత్నం కూడబలుక్కుని చదివింది. ఒకటి: క్షేత్రము అనగా పూజ్య పలక ఏ స్థలమున ఉండునో ఆ స్థలమును, దాని చుట్టును గల యాభై గజముల ప్రదేశమును. రెండు: క్షేత్రమున ప్రవేశము ప్రతిభానుసారముగా మాత్రమే. ఫస్టుక్లాసువారు పలక దాకా వెళ్ళవచ్చు. సెకండుక్లాసువారు ముంగిట్లో నిలబడి చూడవచ్చు. థర్డుక్లాసువారికి ముంగిటి ముందున్న అర్ధచంద్రపు కొలను మీది వంతెన దాకా అనుమతి. తప్పి మరల రాసి గట్టెక్కినవారు క్షేత్రపు పొలిమేర నుంచి కప్పు పెంకులు దర్శించుకోవచ్చు. తప్పినవారు ఆ పొలిమేరకి కూడా రారాదు. వారికి దర్శించుకోవడానికి ఏమియు ఏర్పాటు చేయబడలేదు.

"నాకు పెంకులొచ్చాయి," అంది నూకరత్నం ఉత్తర్వు ముందు నిలబడి.

గుడి వాచ్‌మన్ గరికిన ఎర్రయ్య ఆవిడ వెనకే ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళవాడు, ఇంగ్లీషులో తప్పి ఆవిడ దగ్గరే చదువుతున్నాడు. పది పాసైతే తీరం పోలీసు పడవ మీద ఉద్యోగం వస్తుందని ఆశ.

"నాకు అయీ నేవు టీచరమ్మా. తాళం నా కాడుంది. తాళం కప్ప నోపల గుమ్మానికుంది. నాను యాభై గజాల ఇవతలే నిలబడాలంట. ఇదేటి కాపలా?"

"దొంగలకి కూడా ఫస్టుక్లాసు ఉండాలి కదా ఎర్రయ్యా. నువ్వు నిశ్చింతగా ఉండు."

నెత్తళ్ళ కట్టలు దించుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని, నూకరత్నం ఒడ్డున వలల పాకలోకి మారింది. మీద రేకులు. మధ్యాహ్నానికి ఆ రేకుల కింద లోకమంతా వేపుడైపోయేది. మొదటిరోజు అందరూ వచ్చారు. మూడోరోజు ఇద్దరు ఆడపిల్లలు రాలేదు. కనుక్కుంటే ఫ్యాక్టరీలో చల్లగా ఉంటుంది టీచరమ్మా, ఐసు ఉంటుంది కదా అని కబురు పంపారు. నూకరత్నానికి ఆ రాత్రి అన్నం దిగలేదు.

ఇక ఊరికి మాత్రం దశ తిరిగింది. ర్యాంకుల కాలేజీల బస్సులు బారులు తీరాయి. తల్లులు పిల్లల పెన్నులు పలకకి తాకించి కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళారు. లోపలికి రాలేని తల్లులు ఫస్టుక్లాసు వచ్చిన పరాయి పిల్లల్ని బతిమాలి వాళ్ళ చేతికిచ్చి తాకించారు. ఊళ్ళోవాళ్ళకీ గాలి తగిలింది. మంగలి సింహాద్రి ఫస్టుక్లాసువాళ్ళకి ముందు గడ్డం గీసి, మిగతావాళ్ళని నిలబెట్టాడు. టీకొట్టులో రెండు రకాల గ్లాసులు వచ్చాయి. ఇలాంటిది ఎక్కడో విన్నామే అని ముసలివాళ్ళు గొణిగారు గానీ, వాళ్ళలో పది పాసైనవాళ్ళు లేరు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

గుడి లోపల కొన్ని చిక్కులొచ్చాయి. రోజూ ఊడ్చే సన్యాసమ్మకి అక్షరం ముక్క రాదు. ఆవిణ్ణి ఆపేసి, పరిశుభ్రతా పరిశోధకుడు కావలెనని ప్రకటన ఇచ్చారు. దుమ్ము మీద డాక్టరేటు పుచ్చుకున్న కుర్రాడు దొరికాడు. అతను దుమ్ముని రోజూ శ్రద్ధగా కొలిచేవాడు. చీపురు ఇస్తే, నా పరిశోధన దుమ్ము పేరుకోవడం మీద సార్, దాన్ని కదిపితే లెక్క తప్పుతుంది అన్నాడు. అకాల వర్షానికి కప్పు కారింది. పెంకులు సర్దే తాపీ అప్పన్న బడి గడప తొక్కలేదు కాబట్టి ఫస్టుక్లాసు ఇంజనీరుని పంపించారు. ఆయన నిచ్చెన కింద నిలబడి చాలాసేపు పైకి చూసి, నాది డిజైను అని చెప్పి వెళ్ళిపోయాడు. చీనా పంతులు పలక మీద చుక్క చుక్కగా నీళ్ళు పడ్డాయి. పరిశోధకుడు ఆ తడి వల్ల దుమ్ము ఎంత అంటుకుందో రాసుకున్నాడు.

నెలాఖరుకి సంస్థవారు అభ్యంతరాల స్వీకరణ సదస్సు పెట్టారు. ముంగిట్లో షామియానా వేసి, కుర్చీలు వేసి, అభ్యంతరాలున్నవారు అర్హతల ప్రకారం ఆసీనులు కావలెనని మైకులో చెప్పారు. లోపల కూర్చున్న ఫస్టు, సెకండు క్లాసులవాళ్ళకి అభ్యంతరాలేమీ లేవు. అభ్యంతరం ఉన్న నూకరత్నం పొలిమేర బయట ఎండలో నిలబడింది. ఆవిడ మాట వినిపించాలంటే కేక పెట్టాలి.

ఆవిడ రాత్రంతా ఆలోచించుకుని వచ్చింది. ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఈ పెద్దమనిషికి సిగ్గేసి రూలు సడలిస్తాడని లెక్క వేసుకుంది. లెక్కల్లో ఆవిడ ముందునుంచీ వెనకే.

"డైరెక్టరుగారూ," అని కేక పెట్టింది. "పిల్లలకి కాస్త నీడ ఇప్పించండి బాబూ. పరీక్ష అయ్యేదాకా."

"అమ్మా, ప్రతిభకు నీడతో పనిలేదు," అన్నాడు డైరెక్టరుగారు మైకులో.

"సరేనండి. మరొక్క మాట. ఆ లోపలున్న పంతులుగారు ఏటి పాసయ్యారండి?"

నూకరత్నం ఆశగా చూసింది. డైరెక్టరుగారి మొహంలో సిగ్గు కనిపిస్తుందని ఎదురుచూసింది. కనిపించలేదు. ఆ మొహంలో ముందు విస్మయం, తర్వాత ఆందోళన, ఆఖరికి ఉద్యోగ బాధ్యత వరసగా వచ్చి కూర్చున్నాయి.

"లింగమూర్తిగారూ," అన్నాడు ఆయన మైకు మూయడం మర్చిపోయి. "ఆయన సర్టిఫికెట్లు మన ఫైల్లో ఉన్నాయా?"

"లేవు సార్."

"ఇన్నాళ్ళుగా ఒక వ్యక్తి ఏ పత్రాలూ సమర్పించకుండా గర్భాలయంలో ఉంటున్నాడా?"

"ఆయన గుడే కదండీ సార్."

"గుడి ఆయనదే కావచ్చు. ప్రవేశం నిబంధనలది. ఒకరికి సడలిస్తే రేపు ప్రతివాడూ నా పేరుమీద గుడి ఉందంటూ వస్తాడు."

కమిటీ పడింది. చీనా దేశంలో ఒక విశ్వవిద్యాలయానికి, కన్ఫ్యూషియస్‌గారి మార్కుల జాబితా, టీసీ, నడవడిక ధ్రువపత్రం వెంటనే పంపవలెనని రాశారు. అక్కడి ఆచార్యుడొకాయన మర్నాడే ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. ఆ మహానుభావుడి కాలంలో పరీక్షలు లేవు, అవి మొదలైంది ఆయన పోయిన వెయ్యేళ్ళకి, ఆయన ఏ పరీక్షా రాయలేదు, ఆయన మాటలమీద మిగతావాళ్ళు రాశారు, మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను అని దాని సారాంశం.

"రాయలేదు," అన్నాడు డైరెక్టరుగారు కమిటీలో. "అనగా గైర్హాజరు. గైర్హాజరైనవాణ్ణి మన వ్యవస్థలో ఏమంటాం?"

"తప్పాడంటాం సార్," అన్నాడు లింగమూర్తి గొంతు తగ్గించి.

"అటువంటివారు క్షేత్రపు పొలిమేరకి కూడా రాకూడదు. నాకు వ్యక్తిగతంగా బాధగా ఉంది. కానీ నా బాధకీ ఫైలుకీ సంబంధం లేదు."

పంతుల్ని బయటకి పంపాలని తీర్మానమైంది. అంత పెద్దాయన్ని పక్కగుమ్మంలోంచి గెంటితే మర్యాద కాదని, నడిమి ద్వారం గుండానే సాగనంపాలని కూడా తీర్మానమైంది. నడిమి ద్వారం లేదు, గోడ ఉంది. ఊరివాడొకడు దేశంలో మొదటివాడైన రోజున పగలాల్సిన గోడని, ఊళ్ళో అందరికంటే ముందు పరీక్ష తప్పిన పెద్దమనిషి కోసం పగలగొట్టడానికి ముహూర్తం పెట్టారు.

ఆరోజు రేవు రేవంతా వచ్చింది. గోడ క్షేత్రంలో ఉంది కనుక తాపీ మేస్త్రీలు దాని దగ్గరికి రాకూడదు. డైరెక్టరుగారు, లింగమూర్తి, దుమ్ము డాక్టరు చొక్కా చేతులు మడుచుకుని గునపాలు పట్టుకున్నారు. తాపీ అప్పన్న పొలిమేర ఇవతల నిలబడి సలహాలిచ్చాడు.

"గునపం అలగ్గాదు బాబూ, ఇటికల సాళ్ళలో పెట్టండి. డైరెటరుబాబూ, కాలు ఎనక్కి తియ్యండి, ఇటిక పడతాది. ఆ, పడింది."

పొద్దు వాలేసరికి మనిషి పట్టేంత సందు అయింది. గోడ అవతలినుంచి ఎన్నో వందల ఏళ్ళుగా దారి దొరక్క తిరుగుతున్న సముద్రపు గాలి ఒక్కసారిగా లోపలికి వెళ్ళి, పరిశోధకుడు కొలిచిపెట్టుకున్న దుమ్మునంతా ఎత్తి బయట పోసింది. అతను ఒక మూల కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

డైరెక్టరుగారు పలక ముందు భాగం పట్టుకున్నాడు, లింగమూర్తి వెనక పట్టుకున్నాడు. మంచి బరువు. కొత్త ద్వారం దాటి రోడ్డు మీదికి వచ్చారు. ఇక క్షేత్రం దాటేశాం, దించుకోవచ్చు అనుకుంటూ పలకని నేలకి ఆనించబోతే లింగమూర్తి అడ్డుపడ్డాడు.

"సార్, ఒకటో అంశం."

"ఏమిటది?"

"పలక ఏ స్థలమున ఉండునో అదే క్షేత్రం సార్. ఇక్కడ దించితే ఇదే క్షేత్రమవుతుంది. క్షేత్రంలో ఈయన ఉండకూడదు."

"మరి ఎక్కడ దించాలి?"

"ఎక్కడ దించినా అంతే సార్. మీరే రాశారు."

డైరెక్టరుగారు ఆలోచించాడు. పలక చేతుల్లో ఉండగా ఆలోచించడం కష్టం. ఏమైనా ముందుకు నడవడమే మేలని తోచింది. నడిచాడు. పలకతోపాటు యాభై గజాల పొలిమేరా నడిచింది. ఎదురుగా ఉన్న జనంలో ఫస్టుక్లాసువాళ్ళు నలుగురో ఐదుగురో. మిగతావాళ్ళంతా ఉత్తర్వుకి కట్టుబడి వెనక్కి తగ్గారు. పలక ఒక అడుగు వేస్తే జనం ఒక అడుగు వెనక్కి. మంగలి సింహాద్రి సగం గీసిన గడ్డాన్ని వదిలేసి పరుగెత్తాడు. టీకొట్టువాడు రెండు రకాల గ్లాసులూ వదిలేశాడు. మేకలకి కూడా చదువు లేదు కదా అని ఎర్రయ్య వాటిని విప్పి తోలుకుపోయాడు. వీధి వీధే ఖాళీ అయి, ఊరంతా ఒడ్డుకి చేరి, వెనక సముద్రం తగిలి ఆగింది.

ఆగినచోటే వలల పాక ఉంది. పాకలో నూకరత్నం, మిగిలిన పిల్లలూ ఉన్నారు.

"టీచరమ్మా, వొచ్చేస్తన్నారు," అన్నాడు ఎర్రయ్య మేకల మధ్యనుంచి. "ఇంక ఎనక్కెళ్తే నీల్లే."

నూకరత్నం బయటికొచ్చి చూసింది. తను అడిగిన ఒక్క ప్రశ్న ఇంత పని చేసిందని తలుచుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. డైరెక్టరుగారి పట్టు జారుతోంది, చెమట కళ్ళలోకి కారుతోంది. పలక మీద కారిన వాననీటి చారలున్నాయి, దుమ్ము కట్టి ఉంది. జీవితమంతా వచ్చినవాడికల్లా పాఠం చెప్పిన మనిషిని దించుకోవడానికి జానెడు చోటు లేకుండా చేశారు కదా అనుకుంది ఆవిడ. ఆమె వెనక్కి జరగలేదు.

"తప్పుకోండమ్మా," అన్నాడు డైరెక్టరుగారు రొప్పుతూ. "ఇది క్షేత్రం."

"ఆయన తప్పినోరే కదండి?"

"అధికారికంగా."

"తప్పినోళ్ళని పాసు చేయించడమేనండి నా పని. నా దగ్గర చేర్పించండి, సప్లిమెంటరీకి కడతాను. చదువుకునే మనిషి కూర్చున్న చోటు తరగతవుతాది గానీ క్షేత్రం ఎలాగవుతాదండి?"

డైరెక్టరుగారు లింగమూర్తికేసి చూశాడు. లింగమూర్తి చేతులు కూడా పడిపోయేలా ఉన్నాయి. అలాంటప్పుడు ఉద్యోగి బుర్ర చురుగ్గా పనిచేస్తుంది.

"ఉంది సార్. విద్యాభ్యాస సెలవు. ఉన్నత అర్హత పొందడానికి ఎవరికైనా ఇవ్వొచ్చు. సెలవులో ఉన్నంతకాలం ఆయన పూజ్య పలక కింద రారు, పరీక్షార్థి కింద వస్తారు. ఒకటో అంశం వర్తించదు."

"సెలవు మంజూరు," అన్నాడు డైరెక్టరుగారు. మంజూరు చేసిన మరుక్షణం పలక ఇసుకలో దిగింది. ఆయన దాని పక్కనే కూలబడ్డాడు.

నూకరత్నం చెంగుతో పలక మీది దుమ్ము తుడిచింది. ఆ తర్వాత రేకులకేసి చూసింది.

"ఒక చిక్కుంది బాబూ. రేపటి ఎండకి ఆయన ఒంటిమీద లక్క కరిగిపోతాది. చదువుకునే మనిషికి నీడ ఉండాలి కదా."

"ఖాళీ స్థలం ఏమైనా ఉందా లింగమూర్తిగారూ?"

"గుడి ఖాళీగానే ఉంది సార్. పలక లేదు కనక క్షేత్రం కాదు."

మర్నాడు తాపీ అప్పన్న పెంకులు సర్దాడు. సన్యాసమ్మ ఊడ్చింది. చీనా పంతుల్ని కొత్తగా పగలగొట్టిన నడిమి ద్వారంలోంచి లోపలికి తెచ్చి పడమటి వసారాలో, తప్పిన పిల్లల వరసలో ఆఖరున కూర్చోబెట్టారు. పొడుగు మనిషి కనుక ఆఖరి వరసే సబబు. ఫ్యాక్టరీకి పోయిన ఇద్దరు ఆడపిల్లలూ ఈ వింత చూడడానికి వచ్చారు. నూకరత్నం ఇద్దరి చేతుల్లోనూ పుస్తకాలు పెట్టి ఆయనకి చెరో పక్కన కూర్చోబెట్టేసింది.

సప్లిమెంటరీలో ఎర్రయ్య ఇంగ్లీషు గట్టెక్కాడు. ఆడపిల్లలిద్దరూ నెగ్గారు. నెగ్గనివాళ్ళు ఇద్దరే. ఒకడు అప్పన్న కొడుకు, రెండోది చీనా పంతులు. ఆయన పేరుకి ఎదురుగా గైర్హాజరు అని పడింది.

ఫలితాలు వచ్చిన మర్నాడు జీపు వచ్చి మేకల రాయి దగ్గర ఆగింది. నడిమి ద్వారం తెరిచాక ఆచారాలు కచ్చితంగా పాటించాలని సంస్థ తీర్మానించింది. డైరెక్టరుగారు దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో ఎండునెత్తళ్ళ కట్ట ఉంది. పరీక్షార్థి సంస్థ తరఫువాడు కనుక ఆయన ఫీజు సంస్థే సమర్పించుకోవాలి. ఇలాంటి పని గుమాస్తాకి అప్పగించకూడదని డైరెక్టరుగారి పట్టుదల. ఇప్పుడాయన ముక్కుకి రుమాలు పెట్టుకోవడం లేదు. అలవాటైపోయింది.

"మా అభ్యర్థి మళ్ళీ తప్పారట," అన్నాడు కట్ట అందిస్తూ.

"తప్పారండి."

"శ్రద్ధ పెట్టడం లేదా?"

"బాగా పెడతారు బాబూ. అల్లరి లేదు, పక్కవాళ్ళతో మాటల్లేవు. పరీక్ష రోజే కాస్త మొహమాటం."

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నాడు. "సంస్థలో ఒక ఆలోచన నడుస్తోంది. ఆయన వయస్సు, అనుభవం దృష్ట్యా గ్రేసు మార్కులు ఇప్పించి ఉత్తీర్ణుణ్ణి చేసేస్తే, సెలవు రద్దుచేసి తిరిగి యథాస్థానంలో…"

నూకరత్నం లోలోపల లెక్క వేసుకుంది. ఆయన పాసైన రోజున సెలవు అయిపోతుంది. సెలవు అయిపోతే ఒకటో అంశం వచ్చి కూర్చుంటుంది. పిల్లలు రేకుల కిందకి, అక్కణ్ణుంచి ఐసు గదుల్లోకి.

"అంత మాట అనకండి బాబూ," అంది గబగబా. "అభిమానం గల మనిషి. అలాగ పాసైతే మొహం ఎత్తుకోలేరు. కష్టపడే పాసవుతారు. కొంచెం ఓపిక పట్టండి."

డైరెక్టరుగారికి కళ్ళు చెమర్చాయి. "ఇదే అసలైన ప్రతిభా స్ఫూర్తి. ఎన్నాళ్ళైనా ఎదురుచూస్తాం," అని చేతులు జోడించి, రాయి దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

జీపు కనుమరుగయ్యేదాకా నూకరత్నం కదల్లేదు. తర్వాత నెత్తళ్ళ కట్ట తెచ్చి పలక ముందు పెట్టింది. బయట రోడ్డు మీద ర్యాంకుల బస్సొకటి ఆగి ఉంది. కిటికీల్లోంచి తల్లులు గుడికేసి చేతులెత్తి, మా పిల్లవాణ్ణి గట్టెక్కించు నాయనా అని మొక్కుతున్నారు. నడిమి ద్వారంలోంచి చుట్టుపక్కల ఊళ్ళలో సప్లిమెంటరీ కూడా తప్పిన పిల్లలు, చంకలో తలొక కట్టా పెట్టుకుని, తలలు దించుకుని ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు.

నూకరత్నం వాళ్ళకి వినబడకుండా చేతులు జోడించింది.

"వచ్చే ఏడు కూడా తప్పండి బాబూ," అని మొక్కుకుని, సుద్దముక్క అందుకుంది.